సబ్‌వూఫర్ వైరులో ఏముంది, ఏం లేదు

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ఆడియో షాపుకి వెళ్లి సబ్‌వూఫర్‌కి వైరు కావాలంటే కౌంటరు మీద రకరకాల సరుకు పడుతుంది. ఒకటి పాత డీవీడీ ప్లేయర్లతో వచ్చిన పసుపు పిన్ను వైరు లాంటిది. ఇంకొకటి వేలెడు లావున ఉంటుంది, పైన నైలాన్ వల తొడుగు, చివర్లకి బంగారు రంగు పిన్నులు, ఒంటి మీద బాణం గుర్తు. మూడోది అట్టపెట్టెలో పట్టుగుడ్డ మీద పడుకుని ఉంటుంది, సబ్‌వూఫర్ కోసమే ప్రత్యేకంగా చేశామన్న ముద్రతో. మొదటిదానికీ చివరిదానికీ ధరలో పదింతల తేడా మామూలే. పని మాత్రం మూడింటిదీ ఒకటే. ఏవీ రిసీవరు వెనక సబ్ అవుట్ అని రాసి ఉన్న జాక్ నుంచి, సబ్‌వూఫర్ వెనక ఎల్‌ఎఫ్‌ఈ అని రాసి ఉన్న జాక్ దాకా ఒక చిన్న వోల్టేజిని మోసుకెళ్లడం.

ఈ మోత పని మీద చాలాకాలంగా వాదులాట నడుస్తోంది. వైర్లు తయారుచేసేవాళ్లు లోహం గురించి మాట్లాడతారు: ఆక్సిజన్ లేని రాగి, వెండి పూత, తీగ మందం. ఇంజినీర్లు లెక్క వేసి ఇవేవీ లెక్కలోకి రావని తేల్చేస్తారు. ఇళ్లల్లో సిస్టమ్ బిగించేవాళ్లకి ఈ రెండు గొడవలూ పట్టవు, వాళ్లకి రోజూ ఎదురయ్యేది ‘గుయ్య్’మనే హమ్మింగు. నా మటుకు నాకు లోహం మీద తగవు ఎప్పుడో తీరిపోయిన తగవు. ఇంకా మిగిలినవి రెండే సంగతులు, వైరు చుట్టూ ఉన్న షీల్డ్ ఎలాంటిది, వైరు ఎంత పొడుగుంది. కొనేవాళ్లు చివరికి అడిగేవి కూడా ఈ రెండే.

ముందు ఆ వైరులో పోయేదేమిటో చూడాలి. 5.1 సౌండ్‌లో చివరి ‘.1’ అనేది పేలుళ్లకీ ఉరుములకీ కేటాయించిన ప్రత్యేక చానల్, దాని పేరే ఎల్‌ఎఫ్‌ఈ. డాల్బీ డిజిటల్ 1992లో ‘బ్యాట్‌మాన్ రిటర్న్స్’తో థియేటర్లకి వచ్చింది, మరుసటి ఏడాది ‘జురాసిక్ పార్క్’తో డీటీఎస్ వచ్చింది. ఇంట్లో మనం వినే ఎల్‌ఎఫ్‌ఈ ఆ వంశానిదే. ఈ చానల్‌కి పై హద్దు 120 హెర్ట్జ్. మిగతా చానళ్లకంటే 10 డెసిబెల్స్ ఎక్కువ మోత దీనికి దక్కేలా ఏర్పాటు ఉంది. దీనికి తోడు, చిన్న స్పీకర్లు మోయలేని బేస్‌ని కూడా రిసీవరు 80 హెర్ట్జ్ దగ్గర కోసి ఇదే వైరులోకి పంపిస్తుంది. అంతా కలిపినా ఆ వైరు మోసేది 20 నుంచి 120 హెర్ట్జ్ వరకే. అదే ఇంటి డాబా మీది డిష్ నుంచి సెట్‌టాప్ బాక్సుకి దిగే వైరు 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ దాకా మోస్తుంది. రెండింటికీ మధ్య తేడా అక్షరాలా కోటి రెట్లు. మీటరుకి పదుల రూపాయల్లో దొరికే డిష్ వైరు అంత బరువు మోస్తుంటే, ఇంత తేలిక బరువుకి పట్టుగుడ్డ దేనికన్నది న్యాయమైన ప్రశ్నే.

లెక్కలోకి దిగితే ఆ ప్రశ్నకి ఇంకా బలం వస్తుంది. వైరు మీద మొదటి అభియోగం కెపాసిటెన్స్. వైరు పొడుగయ్యేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు కరిగిపోతాయంటారు. నిజమే, కరుగుతాయి. ఎక్కడ మొదలవుతుందన్నదే అసలు సంగతి. ఓ మోస్తరు నాసి వైరుకి మీటరుకి 100 పికోఫారడ్లనుకుందాం. పది మీటర్లకి వెయ్యి. రిసీవరు అవుట్‌పుట్ ఇంపీడెన్స్ వెయ్యి ఓంలని పెద్ద మనసుతో వేసుకున్నా, ఈ రెండూ కలిసి కోత మొదలుపెట్టేది 159 కిలోహెర్ట్జ్ దగ్గర. వైరుని వంద మీటర్లు చేసినా అది దాదాపు 16 కిలోహెర్ట్జ్‌కి దిగుతుందంతే. సబ్‌వూఫర్‌కి కావలసింది 120 హెర్ట్జ్. గబ్బిలాలకి సినిమా చూపిస్తే తప్ప ఈ నష్టం ఎవరికీ తెలియదు.

రెండో అభియోగం రెసిస్టెన్స్. లావు తీగ ఉంటే బేస్ ‘గట్టిగా’ వస్తుందనే నమ్మకం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. స్పీకరు వైరు విషయంలో అందులో కొంత నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ఇక్కడ మాత్రం సబ్‌వూఫర్ లోపలే సొంత యాంప్లిఫయరు ఉంటుంది. దాని ఇన్‌పుట్ ఇంపీడెన్స్ పది వేల ఓంలో అంతకంటే ఎక్కువో ఉంటుంది. ఒక వోల్టు పంపిస్తే వైరులో పారే కరెంటు 0.1 మిల్లీయాంపియరు. పది మీటర్ల వైరు నడిమి తీగకి ఒక ఓం రెసిస్టెన్స్ ఉందనుకున్నా పోయేది పదివేలలో ఒక వంతు, అంటే డెసిబెల్‌లో వెయ్యో వంతు కూడా కాదు. స్కిన్ ఎఫెక్ట్ అని మరో మాట వినిపిస్తుంది, కరెంటు తీగ పైపొరలోనే పారుతుందని. రాగిలో 100 హెర్ట్జ్ దగ్గర ఆ పొర లోతు 6 మిల్లీమీటర్ల పైమాటే. మన తీగ మొత్తం మందం అందులో ఏ మూలకీ రాదు. ఆలస్యం గురించి కూడా ఒక మాట. పది మీటర్ల వైరు దాటడానికి సిగ్నల్‌కి పట్టేది సెకనులో ఇరవై మిలియన్ల వంతు. అంతసేపట్లో గాలిలో శబ్దం మిల్లీమీటరులో అరవయ్యో వంతు దూరం పోతుంది. శ్రోత సోఫాలో ఊపిరి పీల్చుకుంటే తల అంతకంటే ఎక్కువే కదులుతుంది.

లోహాల సంగతీ అంతే. ఆక్సిజన్ లేని రాగికీ, ఇంటి కరెంటు వైర్లలో వాడే మామూలు రాగికీ కరెంటు ప్రవాహంలో తేడా నూటికి ఒక వంతు అటూ ఇటూ. వెండి రాగికంటే నూటికి ఐదారు వంతులు మెరుగు. బంగారమైతే రాగికంటే తక్కువే, సుమారు 70 శాతం. అయినా పిన్నులకి బంగారు పూత వేయడం వెనక ఒక అర్థముంది. బంగారం చిలుము పట్టదు, నల్లబడదు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తగిలే ఇళ్లల్లో నికెల్ పిన్నులు నాలుగైదు వానాకాలాలకి మసకబారి, కదిలిస్తే గరగరమనడం చాలామందికి అనుభవమే. అక్కడ బంగారు పూతకి కాస్త ఎక్కువ పెట్టడం దండగ కాదు. హన్మకొండలో పొడి గదిలో ఉన్న సిస్టమ్‌కి ఆ ఖర్చు కంటికి తప్ప చెవికి కాదు.

కళ్లకి గంతలు కట్టి పెట్టే పరీక్షల చరిత్ర కూడా ఇటే మొగ్గుతుంది. ఏ వైరు ఏదో చెప్పకుండా మార్చి మార్చి వినిపించే ఏబీఎక్స్ పద్ధతిని డేవిడ్ క్లార్క్ 1982లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో వివరించాడు. తర్వాత ఇలాంటి పోలికలకి అదే ఒరవడి అయింది. 2007లో మాంత్రికుడు జేమ్స్ రాండీ 7,250 డాలర్ల స్పీకరు వైరునీ మామూలు వైరునీ చూడకుండా విని తేడా పట్టినవాళ్లకి పది లక్షల డాలర్లిస్తానని సవాలు విసిరాడు. ఒక పేరున్న సమీక్షకుడు ముందుకొచ్చాడు కూడా. తీరా వైరు తయారీదారు పక్కకి తప్పుకోవడంతో పరీక్ష జరగనే లేదు. పరీక్ష జరగకపోవడమే రుజువని నేననను. ఆ తగవు స్పీకరు వైర్లది, పై ఫ్రీక్వెన్సీల్లో ఏదో నిగ్గు వినిపిస్తుందనే వాదన అక్కడ కనీసం నోటితో అనడానికైనా వీలుంది. సబ్‌వూఫర్‌కి పై ఫ్రీక్వెన్సీలే లేవు. పైగా మన చెవి అట్టడుగు శబ్దాలకి చాలా మందం. 20 హెర్ట్జ్ శబ్దం వినపడటం మొదలవ్వాలంటేనే 78 డెసిబెల్స్ ఉండాలి. సబ్‌వూఫర్ కోను సైతం ఆ లోతుల్లో గట్టిగా మోగేటప్పుడు కలిపే సొంత వక్రీకరణ నూటికి కొన్ని వంతులుంటుంది. వైరు కలిపేది దాని పక్కన సున్నా.

ఇంతవరకూ ఇంజినీర్లతో పేచీ లేదు. వాళ్లలో కొందరు ఇక్కడే పుస్తకం మూసేసి ‘ఏ వైరైనా ఒకటే’ అనేస్తారు. అక్కడ నేను ఒప్పుకోను.

ఎందుకంటే మన దేశపు కరెంటు 50 హెర్ట్జ్. దాని రెట్టింపు 100. రెండూ సబ్‌వూఫర్ రాజ్యం నట్టనడుమ ఉన్నాయి. సీడీ ప్లేయరు వైరులోకి కాస్త 50 హెర్ట్జ్ దూరినా చిన్న స్పీకర్లు దాన్ని మోగించలేవు, కాబట్టి ఎవరికీ తెలియదు. సబ్‌వూఫర్‌ని తయారుచేసిందే ఆ ఫ్రీక్వెన్సీలని గదంతా నింపడానికి. కరెంటు లైన్ల నుంచి దూరిన చెత్తని అది సినిమాలోని ఉరుముతో సమానంగా గౌరవిస్తుంది. ఇంట్లో ఉన్న ఆడియో వైర్లన్నిటిలోనూ హమ్మింగు విషయంలో బలహీనమైనది ఇదే. సబ్‌ని దూరంగా పెడితే గది చుట్టూ పొడుగ్గా తిరిగేదీ ఇదే.

కూకట్‌పల్లిలో మా బాబాయిగారబ్బాయి ఇంట్లో సరిగ్గా ఈ తంతు చూశాను. సినిమా ఆపినా సబ్ లోంచి సన్నగా, ఆగకుండా మూలుగు. వాడు అప్పటికే రెండు వైర్లు మార్చాడు.

“అన్నయ్యా, ఇంకా మంచిది తెప్పించమంటావా? షాపాయన డబుల్ షీల్డ్ ఉందన్నాడు.”

“అది సరేగానీ, ముందు సెట్‌టాప్ బాక్సు వెనకాల డిష్ వైరు విప్పు.”

“దానికీ దీనికీ ఏంటి సంబంధం?” అంటూనే విప్పాడు. మూలుగు టక్కున ఆగింది. మళ్లీ తగిలించాడు, మొదలైంది.

సంబంధం ఏమిటంటే ఇది. డిష్ డాబా మీద ఇనుప రెయిలింగుకి బిగించి ఉంది. దాని వైరు పైజాలీ సెట్‌టాప్ బాక్సు బాడీని, అక్కణ్నుంచి హెచ్‌డీఎంఐ వైరు జాలీ రిసీవరుని, అక్కణ్నుంచి మన సబ్‌వూఫర్ వైరు షీల్డ్ సబ్‌నీ కలుపుతుంది. సబ్‌కి మూడు పిన్నుల ప్లగ్గు, దాని ఎర్త్ మీటరు బోర్డు మీదుగా భూమిలోకి పోతుంది. అంటే డాబా ఎర్త్‌కీ ఇంటి ఎర్త్‌కీ మధ్య ఒక పెద్ద చుట్టు తయారైంది. రెండు ఎర్త్‌లూ ఎప్పుడూ ఒకే వోల్టేజిలో ఉండవు. ఆ తేడా ఈ చుట్టులో కరెంటుని తిప్పుతుంది, ఆ కరెంటు సబ్‌వూఫర్ వైరు షీల్డ్ గుండా పోతుంది. సబ్‌వూఫర్‌కి వాడే ఈ ఆర్‌సీఏ పిన్నుల వైరులో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది. దాని షీల్డ్ కాపలాదారు మాత్రమే కాదు, సిగ్నల్ తిరిగొచ్చే దారి కూడా అదే. షీల్డ్ రెసిస్టెన్స్ మీద పడ్డ ప్రతి మైక్రోవోల్టూ నేరుగా సిగ్నల్‌లో కలుస్తుంది.

జెన్సన్ ట్రాన్స్‌ఫార్మర్స్ సంస్థకి చెందిన బిల్ విట్‌లాక్ ఏళ్ల తరబడి చెప్పుకొచ్చింది ఇదే. ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ 1995 జూన్‌లో తన పత్రిక సంచిక మొత్తాన్నీ షీల్డ్‌లకీ ఎర్తింగ్‌కీ ఇచ్చింది. పరికరం లోపలే షీల్డ్‌ని తప్పు చోట కలిపితే వచ్చే రోగాన్ని నీల్ మన్సీ అందులోనే విడమరిచాడు. లెక్క సులువు. షీల్డ్‌లో ఒక మిల్లీయాంపియరు తిరుగుతోందనుకుందాం. షీల్డ్ రెసిస్టెన్స్ ఒక ఓం ఉంటే సిగ్నల్‌లో కలిసే హమ్ ఒక మిల్లీవోల్టు, అంటే ఒక వోల్టు సిగ్నల్‌కి 60 డెసిబెల్స్ కింద. సినిమా బేస్ 105 డెసిబెల్స్ దాకా లేచే గదిలో ఆ హమ్ 45 దగ్గర కూర్చుంటుంది. 50 హెర్ట్జ్ దగ్గర చెవి గడప 44, కాబట్టి అది అంచున ఉంటుంది. 100 హెర్ట్జ్ దగ్గర గడప 26కి పడిపోతుంది. అందుకే హమ్మింగులో మనకి నిజంగా వినపడేది తరచు ఆ రెట్టింపు స్వరం. అదే షీల్డ్ దట్టమైన రాగి అల్లికై, రెసిస్టెన్స్ 0.05 ఓం ఉంటే హమ్ మరో 26 డెసిబెల్స్ కిందికి పోతుంది. కరెంటు అదే, ఎర్త్ గొడవా అదే, మూలుగు మాత్రం వినపడదు. సబ్‌వూఫర్ వైరు ధరలో న్యాయమైన భాగం ఏదైనా ఉంటే అది ఈ అల్లికకి పోయేదే.

కానీ షాపులో లావు చూసి అల్లికని అంచనా వేయలేం. వేలెడు లావు వైరొకదాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి చూస్తే సంగతి తెలుస్తుంది. పైన నైలాన్ వల, దాని కింద మెత్తటి పీవీసీ దుప్పటి, ఆ కింద నూలుదారాల కట్ట, చిట్టచివర్న అగ్గిపుల్లకంటే సన్నటి అసలు వైరు. దాని షీల్డ్ అంటే పదీ పదిహేను వెంట్రుక తీగలు ఒకే వాటంగా చుట్టి ఉంటాయి, వంచితే విచ్చుకుని లోపలి తెల్ల ఇన్సులేషన్ కనిపిస్తుంది. లావంతా దుప్పటిదే. కోయకుండా తెలుసుకోవాలంటే మల్టీమీటరుంది. ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో గుర్తుపెట్టుకుని, తర్వాత వైరుకి ఈ చివరి పిన్ను అంచునీ ఆ చివరి పిన్ను అంచునీ కొలిచి, మొదటి అంకె తీసేయాలి. ఐదు మీటర్ల వైరుకి మిగిలింది అర ఓం దాటితే ఎంత మెరిసినా పక్కన పెట్టేయొచ్చు. మంచిదైతే మామూలు మీటరు ఏమీ చూపించలేక సున్నా దగ్గరే తచ్చాడుతుంది.

చవకలో దొరికేవాటిలో డిష్‌కి వాడే ఆర్‌జీ-6 మీద చాలామందికి చూపుంది. తీసిపారేయదగ్గది కాదు. నడిమి తీగ తరచు రాగి పూత వేసిన ఉక్కు, అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. దాని రెసిస్టెన్స్ ఎక్కువే అయినా పైన చెప్పిన లెక్క ప్రకారం మన పనికి అడ్డం కాదు. చుట్టూ ఉన్నది అల్యూమినియం రేకూ పలచటి అల్యూమినియం జాలీ. పది మీటర్లకి 0.3 ఓం ప్రాంతంలో ఉంటుంది, హమ్మింగు లేని ఇంట్లో నిక్షేపంగా పనిచేస్తుంది. అల్యూమినియానికి టంకం పట్టదు కాబట్టి నొక్కి బిగించే పిన్నులే వాడాలి, లేదా ఎఫ్ కనెక్టరుకి ఆర్‌సీఏ అడాప్టరు తగిలించాలి. ఆ అడాప్టరు పొడుగు, బిరుసు వైరు బరువు కలిసి రిసీవరు జాక్‌ని కిందికి గుంజుతుంటాయి. అల్మారాలో రిసీవరుని వెనక్కి నెట్టేవాళ్లు ఇది చూసుకోవాలి. నన్నడిగితే 95 శాతం రాగి అల్లిక ఉన్న ఆర్‌జీ-59 మేలు. పాత అనలాగ్ సీసీ కెమెరాలకీ వీడియో పనులకీ వాడేది ఇదే. పది మీటర్ల షీల్డ్ 0.1 ఓం లోపే ఉంటుంది, మెత్తగా వంగుతుంది, టంకం పడుతుంది. సీసీ కెమెరాలకి ఇప్పుడు ఎక్కువగా వేసే ‘త్రీ ప్లస్ వన్’ వైరు మాత్రం వేరు. అందులోని కోయాక్స్ సన్నగా, షీల్డ్ పేరుకి మాత్రమే ఉన్నట్టుంటుంది. అమెరికాలో బ్లూజీన్స్ కేబుల్ వాళ్లు ఎల్‌సీ-1 అనే వైరుని రాగి అల్లిక మీద మరో రాగి అల్లికతో చేయించారు. గొప్పలు చెప్పకుండా షీల్డ్ మీద ఖర్చుపెట్టిన వైరు ఎలా ఉంటుందో చూడాలంటే అది మంచి ఉదాహరణ. డిజిటల్ ఆడియోకి అమ్మే 75 ఓం కోయాక్స్ వైరు కూడా సబ్‌కి నిరభ్యంతరంగా వాడొచ్చు. ఆ 75 అనే అంకెకి ఇక్కడ పనేమీ లేదు, కానీ అలాంటి వైర్లకి షీల్డ్ సాధారణంగా బాగుంటుంది. డీవీడీ కాలం నాటి మూడు రంగుల కట్టలోని పసుపు పిన్ను వైరు మంచి కంపెనీదైతే అదీ ఇదే జాతి.

అల్లిక ఎంత మంచిదైనా రోగం ఎర్త్‌లో ఉన్నప్పుడు మందు అక్కడే వేయాలి. రిసీవరునీ సబ్‌నీ ఒకే బోర్డు నుంచి తీసుకుంటే చాలా ఇళ్లలో సగం గొడవ పోతుంది. హమ్మింగు కేబుల్ టీవీ వైరు నుంచి వస్తుంటే ఆ వైరులో పెట్టే గాల్వానిక్ ఐసొలేటరు చవకైన ఉపాయం. డిష్‌కి అది పనికిరాదు, ఎందుకంటే డాబా మీది డిష్‌లో సిగ్నల్ పట్టే భాగానికి (ఎల్‌ఎన్‌బీ) కరెంటు పోయేది ఆ వైరులోనే, ఐసొలేటరు దాన్ని ఆపేస్తుంది. అలాంటప్పుడు డిష్ వైరు జాలీని ఇంట్లోకి వచ్చేచోట ఇంటి ఎర్త్‌కే కలిపించాలి, లేదా సబ్‌వూఫర్ వైరు మధ్యలో ఆడియో ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. చవక ట్రాన్స్‌ఫార్మర్లు 50 హెర్ట్జ్ కిందికి వచ్చేసరికి చేతులెత్తేసి ఉన్న బేస్‌నే మింగేస్తాయి. జెన్సన్ లాంటివాళ్లు సబ్‌వూఫర్ల కోసమే వేరేగా చేసేది అందుకే.

ఇంకో ఉపాయం ఊరూరా ప్రచారంలో ఉంది, సబ్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయడం. హమ్మింగు ఆగుతుంది, నిజమే. ఆ తర్వాత లోపల ఎక్కడైనా ఫేజు తీగ బాడీకి తగిలితే ఆ కరెంటుకి మిగిలే దారి మన సబ్‌వూఫర్ వైరు, కాదంటే దాన్ని ముట్టుకున్న పిల్లవాడి చెయ్యి. ఎలక్ట్రీషియన్ చెప్పినా వినకూడదు. పాత ఇళ్లల్లో చిక్కు ఇందుకు తలకిందులుగా ఉంటుంది. సాకెట్‌లో మూడో కన్ను ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. రిసీవరు బాడీ మీద వేలు పెడితే చిమచిమలాడుతుంది, టెస్టరు సన్నగా వెలుగుతుంది. అక్కడ వైర్లు మార్చుకుంటూ పోవడం కంటే ముందు ఎర్త్ గుంత సంగతి చూడాలి. బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన గుంత ఎండాకాలంలో ఎండిపోతే దానికి కుండెడు నీళ్లు పోయడం పెద్దవాళ్ల అలవాటు. హోమ్ థియేటరుకి కూడా అది పనికొస్తుంది.

హమ్మింగు తర్వాత పెద్ద సంగతి పొడుగు. ఇది అన్నిటికంటే తేలిక విషయంలా కనిపిస్తుంది గానీ, గదిలో బేస్ నాణ్యతని వైరు నిజంగా మార్చగలిగేది ఒక్క దీనితోనే. 30 హెర్ట్జ్ శబ్దపు అల పొడుగు 11 మీటర్ల పైన, మన గది పొడుగు నాలుగు మీటర్లు. పద్నాలుగు అడుగుల గదిలో మొదటి నిలకడ అల (స్టాండింగ్ వేవ్) 40 హెర్ట్జ్ దగ్గర, పన్నెండు అడుగుల వెడల్పుకి 47 దగ్గర కూర్చుంటాయి. ఆ స్వరాలు ఒకచోట పది పన్నెండు డెసిబెల్స్ ఉబ్బుతాయి, గది మధ్యకి వచ్చేసరికి మాయమైపోతాయి. సోఫాలో ఈ మూల కూర్చున్నవాళ్లకి తవిలు గుండెల్లో మోగుతుంటే ఆ మూల ఉన్నవాళ్లకి అట్టపెట్టె కొట్టినట్టు వినపడేది ఇందుకే. సబ్‌ని గోడ వెంబడి మూడడుగులు జరిపితే వచ్చే తేడా, ఏ వైరు మార్చినా వచ్చేదానికి ఏ లెక్కలో చూసినా అందనంత పెద్దది.

మరి మన ఇళ్లల్లో సబ్ ఎక్కడుంటుంది? టీవీ యూనిట్ పక్కన. ఎందుకక్కడ? వైరు అంతవరకే వచ్చింది కాబట్టి. రెండు మీటర్ల ఖరీదైన వైరు కొని సబ్‌ని చెడ్డ చోట కట్టేయడం కంటే, పది మీటర్ల మామూలు మంచి వైరు కొని దానికి గదంతా తిరిగే స్వేచ్ఛ ఇవ్వడం తెలివైన ఖర్చు. ఆ స్వేచ్ఛని వాడుకునే పద్ధతి పాతదే. సబ్‌ని సోఫాలో మనం కూర్చునేచోట పెట్టి, బేస్ నిండుగా ఉన్న పాటొకటి తిప్పుతూ, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినాలి. ఎక్కడ బేస్ ఉబ్బకుండా, కుంగకుండా, స్వరాలు విడివిడిగా వినపడితే అక్కడ సబ్‌ని పెట్టాలి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. హార్మన్ సంస్థలో టాడ్ వెల్టీ 2002లో గది నిండా సబ్‌లు ఎక్కడెక్కడ పెడితే ఏమవుతుందో లెక్కగట్టి, ఎదురెదురు గోడల మధ్యలో రెండు పెట్టడం చాలా గదులకి బాగా సరిపోతుందని చూపించాడు. ఎదురు గోడ దాకా పోవాలంటే మళ్లీ వైరు పొడుగే కావాలి. కొలిచేటప్పుడు గాలిలో గీత గీసినట్టు కాకుండా స్కర్టింగ్ వెంబడి, తలుపు చుట్టూ టేపు పట్టి, పైన ఒకటిన్నర మీటరు కలుపుకోవాలి. మిగిలిన వైరుని కరెంటు వైరుతో కలిపి చుట్టకూడదు. రాగి అల్లిక దగ్గర్లోని కరెంటు వైరు అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేదు, అడుగు దూరమే దానికి మందు. దాటక తప్పనిచోట అడ్డంగా దాటించాలి.

వై ఆకారపు స్ప్లిటర్ గురించి అందరూ అడుగుతారు. సబ్ వెనక కుడి, ఎడమ అని రెండు జాక్‌లుంటే రెండింటికీ సిగ్నల్ ఇవ్వాలా? ఎల్‌ఎఫ్‌ఈ అని రాసి ఉన్నదానికి ఒక్కటే చాలు. రెండింటికీ ఇస్తే చాలా సబ్‌లలో సిగ్నల్ 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అది వాల్యూమ్ నాబ్ తిప్పినా వచ్చేదే. ఒక్క ప్రయోజనముంది: తక్కువ సౌండ్‌లో సినిమా చూస్తుంటే ఆటో స్టాండ్‌బైలో నిద్రపోయే సబ్‌లు ఆ పెరుగుదలతో మేలుకుంటాయి. సబ్ అవుట్ లేని పాత స్టీరియో యాంప్లిఫయరైతే స్పీకరు టెర్మినల్స్ నుంచే సబ్ హై లెవెల్ ఇన్‌పుట్‌కి తీసుకోవచ్చు. రెల్ కంపెనీ ఇందుకు స్పీకాన్ ప్లగ్గు ఇస్తుంది. అక్కడ కూడా కరెంటు నామమాత్రమే, సన్న వైరు చాలు.

లావు నిజంగా అవసరమయ్యేది ప్యాసివ్ సబ్‌కే. పెట్టెతో సహా మొత్తం సెట్‌గా అమ్మే చవక హోమ్ థియేటర్లలో సబ్‌లో యాంప్లిఫయరు ఉండదు, అసలు పవరంతా వైరులోనే పోవాలి. పది మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రానూపోనూ పావు ఓం కలుపుతుంది, 4 ఓంల సబ్‌కి అర డెసిబెల్ నష్టం. 2.5 వేస్తే అది డెసిబెల్‌లో మూడో వంతుకి దగ్గరగా తగ్గిపోతుంది. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు ఇక్కడ మోసమే, అదే మందానికి నష్టం ఎక్కువ. లావు వైరు మహిమ కథలన్నీ ఈ రకం సబ్‌ల దగ్గర పుట్టి, ఆర్‌సీఏ వైర్ల మీదికి పాకి ఉంటాయని నా అనుమానం.

రెండు చివర్లా ఎక్స్‌ఎల్‌ఆర్ జాక్‌లు ఉంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు, అవే వాడాలి. బ్యాలన్స్‌డ్ వైరులో సిగ్నల్ రెండు తీగల మధ్య తేడాగా పోతుంది, షీల్డ్‌కి కాపలా పని ఒక్కటే మిగులుతుంది. అందుకే మామూలు మైక్ కేబులే ముప్పై మీటర్లు నిశ్శబ్దంగా పోతుంది. ఖరీదైన ప్రాసెసర్లలోనూ స్టూడియో సబ్‌లలోనూ తప్ప ఈ భాగ్యం మన రిసీవర్లకి అరుదు. వైర్‌లెస్ కిట్లు హమ్మింగు చుట్టుని నిజంగానే తెంపేస్తాయి. కానీ సబ్‌కి కరెంటు ప్లగ్గు ఎలాగూ కావాలి కాబట్టి ‘వైర్‌లెస్’ అనే మాటలో సగమే నిజం. ఆలస్యం కూడా ఉంటుంది, 20 మిల్లీసెకన్లంటే సబ్‌ని దాదాపు ఏడు మీటర్లు వెనక్కి జరిపినట్టు. రిసీవరు మైకుతో గదిని కొలిపించినప్పుడు సబ్ దూరం విచిత్రంగా ఎక్కువ చూపిస్తే కంగారుపడి దాన్ని టేపు కొలతకి దిద్దకూడదు. అది ఆలస్యాన్నే దూరంగా చూపిస్తోంది.

కొత్తగా ఇల్లు కట్టేవాళ్లకి మాత్రం షాపుకంటే మేస్త్రీ ముఖ్యం. గోడలకి ప్లాస్టరింగ్ పడకముందే టీవీ గోడ నుంచి వెనక గోడ మధ్యకి, ఒక పక్క గోడకి విడివిడిగా 25 మిల్లీమీటర్ల పైపులు వేయించాలి, కరెంటు పైపులకి అడుగు దూరంలో. మూలల్లో ఎల్బోలు కాకుండా పెద్ద వంపులే పెట్టించాలి. పిన్నులు బిగించిన రెడీమేడ్ వైరు తల ఆ వంపుల్లో ఇరుక్కుంటుంది. అందుకని ఆర్‌జీ-59ని పిన్నులు లేకుండా లాగి చివర్లు తర్వాత కట్టుకోవడం మేలు. ఒక్కో పైపులో వైరుతోపాటు ఒక నైలాన్ తాడు వదిలేయాలి, రేపు రెండో సబ్ కొన్నా, ఎలుక కొరికినా గోడ పగలగొట్టకుండా లాగడానికి. ఆ సబ్ నిలబడబోయే చోట పక్కనే ఒక సాకెట్ పెట్టించడం మర్చిపోతే ఇంత చేసీ ఎక్స్‌టెన్షన్ బాక్సు తలుపు కింద నుంచి లాగాల్సి వస్తుంది. ఆ సాకెట్‌ని రిసీవరున్న సర్క్యూట్ నుంచే ఇమ్మని, దాని ఎర్త్ తీగ ఉత్తుత్తిది కాదని టెస్టు బల్బు పెట్టి చూసుకున్నాకే మేస్త్రీని గోడ మూయనివ్వాలి.